సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు: ఘాట్ ఎక్కదు, డీలరు ఫోను ఎత్తడు

రాయగడ_డీజిల్:

అందరికీ నమస్కారం. ఉండేది రాయగడ. విశాఖపట్నంలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూములో 2016 మోడల్ డీజిల్ సెడాన్ కొన్నాను. 1248 సీసీ కామన్ రైల్ ఇంజన్ (బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే రకం), బీఎస్ 4, ఆంధ్రా నంబరు. ధర 3,85,000. అందులో 3,40,000 బ్యాంకు ద్వారా వెళ్లింది, 45,000 చేతికిచ్చాను. డెలివరీ నోట్‌లో మీటరు 78,412 అని రాసిచ్చారు. మూడు వారాలైంది.

పొద్దున్న స్టార్ట్ చేస్తే ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. తెల్ల పొగ, పచ్చి డీజిల్ కంపు. రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. ప్లెయిన్ రోడ్డు మీద బండి బాగానే పోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్‌లో పడ్డాక మూడో గేరులో నల్ల పొగ వదులుతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది, ఇక 2,500 ఆర్‌పీఎం దాటదు. పక్కకి ఆపి తాళం తీసి మళ్లీ వేస్తే కాసేపు మామూలే. బానెట్ కింద చుఫ్ చుఫ్ అని ఒక చప్పుడు కూడా ఉంది.

ఇక్కడి మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. పి 0299 అని ఒకటే కోడ్ వచ్చింది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ, గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే టర్బో కలిపి 62,000 అన్నాడు. డీలరు మొదట "మీ డీజిల్ బాలేదు" అన్నాడు. తర్వాత "పాత బండి, చూసుకునే కొన్నారు, ఉన్నది ఉన్నట్టుగా అన్న కాగితం మీద సంతకం పెట్టారు" అన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది.

నా ప్రశ్నలు రెండు. ఆ 62,000 నిజంగా అవసరమా? డీలరు ఆంధ్రాలో, నేను ఒడిశాలో. ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా?

గుణుపురం స్పానర్:

తమ్ముడూ, ఇంకా ఏమీ విప్పించకు. కోడ్ కూడా చెరిపించకు. లైటు వెలుగుతుంటే వెలగనీ. ఎందుకో చివర్లో చెబుతాను.

పి 0299 అంటే అడిగినంత గాలి ఒత్తిడి ఇంటేక్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో, రాలేదని. టర్బో పోయిందని దాని అర్థం కాదు. కంప్యూటరుకి టర్బో కనపడదు, ఇంటేక్‌లో ఉన్న ప్రెషర్ సెన్సర్ చెప్పిన అంకె మాత్రమే కనపడుతుంది. గాలి దారిలో ఎక్కడ కన్నం పడినా అదే కోడ్ వస్తుంది.

నువ్వు చెప్పిన లక్షణాలకి మొదటి అనుమానం ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు మీద. టర్బో నుంచి వచ్చే గాలిలో నూనె ఆవిరి ఉంటుంది. అది రబ్బరు పైపు అడుగున చేరి ఏళ్ల తరబడి నాని, పైపుని మెత్తబరుస్తుంది. క్లాంపు అంచున చీలిక వస్తుంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఆ చీలిక మూసుకునే ఉంటుంది, చూసినా పోల్చుకోలేం. ఘాట్‌లో లోడ్ పడి లోపల ఒత్తిడి పెరగ్గానే చేప నోరులా తెరుచుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న సెన్సర్ అప్పటికే గాలిని కొలిచేసింది, ఆ లెక్కకే డీజిల్ పడుతుంది. కొలిచిన గాలి మాత్రం సగం దారిలోనే బయటికి పోయింది. అందుకే నల్ల పొగ. ప్లెయిన్ రోడ్డు మీద అంత ఒత్తిడి అవసరం పడదు కనక నీకు ఏమీ తెలియదు. తాళం తీసి వేస్తే మళ్లీ లాగడం కూడా దీనికి సరిపోతుంది.

ఇంజన్ చల్లారాక పైపుల అడుగు వైపు చేత్తో తడుము. వేళ్లకి నల్ల జిడ్డు అంటిన చోట పైపుని వంచి చూడు. కనపడకపోతే గాలి పరీక్ష చేయించు. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు విప్పి, అడ్డు బిగించి, 0.5 బార్‌కి మించకుండా గాలి పట్టించి, అన్ని జాయింట్ల మీదా సబ్బు నురగ రాయాలి. రెగ్యులేటర్ లేకుండా పంక్చర్ షాపు గాలిని నేరుగా పెట్టనివ్వకు. సీళ్లు తన్నుకొస్తాయి, ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది.

పైపు బాగుంటే తర్వాత ఈజీఆర్ వాల్వ్, అంటే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి వదిలే మూత. మసి పేరుకుని సగం తెరుచుకుని ఇరుక్కుంటే పొగ తిరిగి ఇంటేక్‌లోకే వస్తుంది, స్వచ్ఛమైన గాలికి చోటుండదు. విప్పి కార్బొరేటర్ క్లీనర్‌తో నానబెట్టి, ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వ్ కూర్చునే చోట గీతలు పడి ఆ తర్వాత ఎప్పుడూ పూర్తిగా మూయదు. బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేయాలి. ఆపైన టర్బో ఒత్తిడిని సర్దే యాక్చుయేటర్‌కి పోయే సన్న గొట్టాలు. ఇంజన్ వేడికి ఎండి పగిలిపోతాయి, ఖరీదు వందల్లోనే.

ఇవన్నీ అయ్యాకే టర్బో మీద చెయ్యి వెయ్యాలి. దానికీ విప్పక్కర్లేదు, ఎయిర్ పైపు తీసి షాఫ్టుని వేళ్లతో కదిపి చూడు. అటూ ఇటూ కొద్దిగా కదలడం మామూలే, ఆయిల్ పొర ఉండే సందు అది. లోపలికీ బయటికీ కదిలినా, రెక్కలు గోడకి తగిలిన మెరుపు గీతలు కనపడినా టర్బో పోయినట్టు. నీలం పొగ గురించి చెప్పలేదు, ఆయిల్ తాగడం గురించీ చెప్పలేదు. టర్బో బతికే ఉందని నా లెక్క.

ఆ చుఫ్ చుఫ్ వేరే సంగతి. ప్లాస్టిక్ కవరు పీకి ఇంజెక్టర్ల మొదట్లో చూడు. ఏదైనా ఒకదాని చుట్టూ తారు గడ్డలా నల్లగా గట్టిపడి ఉందా? ఉంటే దాని కింద రాగి వాషర్ పోయింది. సిలిండర్‌లో మండిన గ్యాసు ఆ సందులోంచి పైకి కొడుతోంది. వాషర్ పది ఇరవై రూపాయలది, పని మాత్రం చిన్నది కాదు. ఇంజెక్టర్ తీయాలి, అది కూర్చునే సీటుని కట్టర్‌తో సాపు చేయాలి, కొత్త వాషర్, కొత్త క్లాంపు బోల్టు వేసి టార్క్ రెంచ్‌తో బిగించాలి. పాత వాషర్‌ని కాల్చి మళ్లీ వేస్తానంటే ఒప్పుకోకు. అలాగే తిరిగితే ఆ తారు ఇంజెక్టర్‌ని హెడ్‌కి అతికించేస్తుంది, తర్వాత తీయబోతే ఇంజెక్టర్ విరుగుతుంది.

పొద్దుటి తెల్ల పొగకి రెండు దారులు. చల్లని ఇంజన్‌ని స్టార్టింగ్‌లో వేడెక్కించే గ్లో ప్లగ్గులు నాలుగూ మల్టీమీటర్‌తో చూడాలి. బాగున్నది ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది, పోయినది ఏమీ చూపించదు. విప్పాల్సి వస్తే ఇంజన్ వేడి మీదే విప్పాలి, చల్లగా ఉండగా బలం పెడితే హెడ్‌లోనే తెగిపోతుంది. రెండో దారి, ఏదో ఇంజెక్టర్ కారడం. దానికి లీక్ బ్యాక్ పరీక్ష ఉంది. నాలుగు సెలైన్ గొట్టాలు, నాలుగు ఒకే సైజు సీసాలు. రిటర్న్ (ఇంజెక్టర్‌లో మిగిలిన డీజిల్ వెనక్కి పోయే దారి) క్లిప్పులు తీసి, ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌ని ఒక్కో సీసాలోకి పెట్టి, విడిచిన రిటర్న్ పైపుకి అడ్డు పెట్టి రెండు నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. మూడింటిలో 10 మిల్లీలీటర్లు చేరి ఒకదానిలో 35 చేరితే దొంగ అదొక్కటే. మిగతా మూడు మార్చమన్నవాడికి దండం పెట్టి వచ్చెయ్. ఈ పరీక్షలో తెలిసేది ఇంజెక్టర్ లోపల ఎంత అరిగిందో. ముక్కు కారుతోందా అన్నది డీజిల్ పంప్ వర్క్‌షాప్ బెంచీ మీద తేలాలి. మార్చిన ఇంజెక్టర్ ఒంటి మీద కోడ్ ఉంటే దాన్ని స్కానర్‌తో ఈసీయూలోకి, అంటే ఇంజన్ కంప్యూటరులోకి, ఎక్కించాలి, లేకపోతే కొత్తది వేసినా ఐడిల్ వణుకుతుంది.

ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది. ట్రాక్టర్లూ పాత జీపులూ చేసిన చెయ్యి అలవాటుగా ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూస్తుంది. కామన్ రైల్లో అది చేయనే కూడదు. ఐడిల్‌లోనే 250 బార్ పైన ఉంటుంది, లోడ్‌లో వెయ్యి దాటుతుంది. సూదంత ధార చర్మంలోంచి మాంసంలోకి దూరిపోతుంది. మెకానిక్ ఆ నట్టు మీద స్పానర్ పెడితే బండి అక్కణ్ణుంచి తీసుకొచ్చెయ్.

ఇంజన్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చకు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. మట్టం గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తే ఇంజెక్టర్ కారి కిందికి దిగుతోందన్నమాట, ఆ స్థితిలో బండి తిప్పకు. ఆయిల్ మరీ చిక్కగా జీడిపాకంలా ఉంటే అమ్మేముందు 20డబ్ల్యూ 50 అనే చిక్కటి ఆయిల్ పోసి ఉంటారు. ఇంజన్ లోపలి చైన్ గలగలా పొగా నెల రోజులు కప్పి ఉంచడానికి అదొక పాత ఉపాయం.

ఇక చెరిపించకు అన్నది ఎందుకంటే: స్కానర్ లైవ్ డేటాలో "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక లైను ఉంటుంది. "లైటు వెలిగాక తిరిగిన దూరం" అని ఇంకోటి. అమ్మేముందు ఎవరైనా కోడ్ చెరిపారా అన్నది వాటిలో తెలుస్తుంది, ఇప్పుడు చెరిపిస్తే ఆ లెక్క పోతుంది. ఈఎల్ఎం 327 లాంటి చవక బ్లూటూత్ స్కానర్ ముక్క, ఫోనులో ఒక యాప్ చాలు. ఆ రెండు అంకెలూ మీటరుతో కలిపి ఒకే వీడియోలో తీసి ఇక్కడ పెట్టు.

పర్లాకిమిడి వకీలు:

మీ రెండో ప్రశ్నకి. రాయగడ నుంచే చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు, అందుకే చాలామంది ఇంకా విశాఖ వెళ్లాలనుకుంటారు. బిల్లు అడుగున "విశాఖ కోర్టుల పరిధి మాత్రమే" అని అచ్చు వేసి ఉన్నా బెదరకండి. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కనక జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకూ ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇంటి నుంచే ఈ-జాగృతి పోర్టల్లో వేయవచ్చు. కారు సొంత వాడకానికి కొన్నానని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, వ్యాపారానికి కొన్నవారు వినియోగదారు నిర్వచనంలోకి రారు.

"ఉన్నది ఉన్నట్టుగా" కాగితం గురించి నిజం చెప్పాలంటే అది పూర్తిగా చిత్తు కాగితం కాదు. 1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ సరుకు నాణ్యత విషయంలో ఇచ్చే రక్షణని ఒప్పందంతో తగ్గించుకునే వీలు అదే చట్టం 62వ సెక్షన్‌లో ఉంది. పైగా చూస్తే తెలిసే లోపాలకి, చూసుకుని కొన్నవారికి 16 కింద రక్షణ లేదు. కాబట్టి "బండి పాడైంది" అన్న వాదన మీద కేసు నిలబెట్టకండి. "లోపం తెలిసీ దాచారు" అన్నదాని మీద నిలబెట్టండి. తెలిసిన విషయాన్ని చురుగ్గా దాచడం 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. మోసంతో పొందిన సంతకం చూపించి తప్పించుకోవడం డీలరుకి కష్టం. స్పానర్ గారు అడిగిన అంకె అందుకే విలువైనది.

డీలరు వేసే మరో ఎత్తు ఇది: "మేం మధ్యవర్తులం, అమ్మింది పాత ఓనరు." ఆర్‌సీ పాత పేరు మీదే ఉంది కనక ఇది తప్పకుండా వస్తుంది. దీనికి జవాబు మీ బ్యాంకు స్టేట్‌మెంటు. 3,40,000 ఎవరి ఖాతాలో పడిందో చూడండి. రెండోది, 1 ఏప్రిల్ 2023 నుంచి పాత వాహనాల డీలర్లకి రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి, అది ఫారం 29బీ. ఓనరు బండిని డీలరుకి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి, అక్కణ్ణుంచి డీలరే యజమానిగా లెక్క. ఆ రెండు ఫారాల నకళ్లు నోటీసులోనే అడగండి. లేవంటే దాని మీద రిజిస్టరింగ్ అథారిటీకి వేరే ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ ఫిర్యాదు వల్ల మీకు డబ్బు రాదు గానీ డీలరు ఫోను ఎత్తుతాడు.

45,000 చేతికిచ్చిన సంగతి ఒక్క వాట్సాప్ మెసేజ్‌లోనైనా ఒప్పుకుని ఉంటే ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా. ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. తెలుగు చాట్లకి ఇంగ్లీషు అనువాదం పెట్టండి. రాయగడ కమిషన్ బల్ల మీద కూర్చున్నవారికి తెలుగు రావాలని లేదు, ఊళ్లో చాలామంది మాట్లాడినా సరే.

ముందు నోటీసు. స్పీడ్ పోస్ట్‌లో పంపి, డెలివరీ అయినట్టు వచ్చే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీయండి. పెద్ద భాష అక్కర్లేదు, ఈ మాత్రం చాలు:

"ఫలానా నంబరు కారుని ఫలానా తేదీన 3,85,000 రూపాయలకి మీ దగ్గర కొన్నాను. ఇంజన్ బాగుందని ప్రకటనలోనూ, ఫలానా తేదీ మెసేజ్‌లోనూ చెప్పారు. డెలివరీ నోట్ ప్రకారం మీటరు 78,412. ఇన్ని కిలోమీటర్లకే ఈ లోపాలు బయటపడ్డాయి, పరీక్ష నివేదిక జతచేశాను. 15 రోజుల్లో (1) నివేదికలోని రిపేరు ఖర్చు భరించండి, లేదా (2) కారు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వండి. 29బీ, 29సీ నకళ్లు పంపండి."

అందులో "మోసగాళ్లు", "అంతు చూస్తా" లాంటి మాటలు పడనివ్వకండి. ఆ నోటీసే రేపు కమిషన్ చదువుతుంది.

నివేదిక మీ మెకానిక్ చేతిరాతది సరిపోదు. ఆ కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ డయాగ్నస్టిక్ రిపోర్టు గానీ, లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్ రిపోర్టు గానీ తీసుకోండి. తేదీ, మీటరు, ఛాసిస్ నంబరు, కోడ్‌లు, ఏ పరీక్షలో ఏమొచ్చింది అన్నీ ఉండాలి. డీలరు దాన్ని కాదంటే నిపుణుడి పరీక్షకి పంపమని కమిషన్‌నే అడగవచ్చు.

నోటీసు వెళ్లాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడవచ్చు. అది రాజీ దారి మాత్రమే, ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకి లేదు.

జయపురం రోడ్లు:

పైవాళ్లు వదిలేసినవి రెండు. డీలరు "డీజిల్ బాలేదు" అన్నాడుగా, ఆ నోరు ముందే మూయించండి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది, దాన్ని తిప్పి గాజు సీసాలోకి పావు లీటరు పట్టి ఒక గంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున విడిగా గీత కడుతుంది. లేకపోతే ఫోటో తీసి బంకు బిల్లులతో కలిపి పెట్టుకోండి. ఏజెన్సీ రోడ్ల పక్క డ్రమ్ముల్లో అమ్మే డీజిల్ ఇక పోయించకండి. కేసు నడుస్తున్నన్నాళ్లూ బిల్లు ఇచ్చే బంకులోనే.

రెండోది ఇన్సూరెన్స్. చేతులు మారిన 14 రోజుల్లో కంపెనీకి చెప్పి మార్పించుకోవాలి. మీకు మూడు వారాలు దాటింది. థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం మీ పేరుకి వచ్చినట్టే, మీ బండికి దెబ్బ తగిలితే మాత్రం క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. ఇవాళే రాయండి. అన్నట్టు ఆంధ్రా నంబరుతో ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచకూడదు, ఆ లోపు ఆంధ్రా రవాణా శాఖ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఓడీ 18 నంబరు వేయించుకోవాలి.

రాయగడ_డీజిల్:

అందరికీ థ్యాంక్సండీ. స్పానర్ అన్నా, చూశాను. రెండో ఇంజెక్టర్ చుట్టూ మీరు చెప్పిన తారు గడ్డ ఉంది, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టినా రాలలేదు. ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే పైపు అడుగున జిడ్డు ఉంది, వంచితే రెండంగుళాల చీలిక తెరుచుకుంది. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, డీజిల్ వాసన లేదు. సీసాలో నీళ్లు లేవు.

యాప్‌లో అంకెలు: మీటరు 79,098. కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం 688. లైటు వెలిగాక తిరిగిన దూరం 212. మా మెకానిక్ కోడ్ చదివాడు గానీ చెరపలేదు, కనుక్కున్నాను.

వకీలు గారూ, బ్యాంకు డబ్బు షోరూము పేరున్న ఖాతాలోనే పడింది.

గుణుపురం స్పానర్:

లెక్క చూడు. 79,098 లోంచి 78,412 తీసేస్తే 686. చెరిపాక తిరిగింది 688. అంటే నీ చేతికి తాళం ఇవ్వడానికి రెండు కిలోమీటర్ల ముందు ఎవరో స్కానర్ పెట్టి మెమరీ తుడిచారు. షోరూము నుంచి బంకు దాకా వెళ్లొచ్చినంత దూరం.

ఎగిరి గంతెయ్యకు. ఆ రోజు వేరే కారణంతో కూడా తుడిచి ఉండొచ్చు. కొన్ని బండ్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఈ అంకె సున్నా అవుతుంది, "బ్యాటరీ మార్చాం" అని వాళ్లు అంటారు. బ్యాటరీ మీద తేదీ ముద్ర చూసి ఫోటో తీయి. అది పాతదే అయితే ఆ సాకు చాలావరకు పోయినట్టే. తారు గడ్డ కూడా నీ తరఫు సాక్షే. అంత గట్టిగా పేరుకోవడానికి 686 కిలోమీటర్లు చాలవు. కొలబద్ద పక్కన పెట్టి దగ్గరగా ఫోటో తీయి, గీకించకు.

62,000 సంగతి. ఇప్పటికి తేలినవి ఒక పైపు, రెండు క్లాంపులు, రెండో ఇంజెక్టర్ వాషరూ సీటూ. గ్లో ప్లగ్గులు, లీక్ బ్యాక్ ఇంకా చూడాలి. ఆ రెండో ఇంజెక్టర్ ముక్కు గ్యాసు వేడికి దెబ్బతిని ఉంటే అదొక్కటి రీబిల్డ్ అవుతుంది. టర్బో ఈ లిస్టులోంచి కొట్టెయ్. పైపు మార్చాక కూడా పి 0299 వస్తే అప్పుడు చూద్దాం.

బరంపురం బేరాలు:

సెకండ్స్ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాడిగా ఒక మాట. నోటీసు అందగానే డీలరు మెత్తబడి "బండి పంపండి, మా మెకానిక్ చూస్తాడు" అంటాడు. అక్కడే అందరూ దొరికిపోతారు. బండి వెళ్తుంది, కోడ్ చెరుగుతుంది, తారు గడ్డ శుభ్రంగా కడిగేస్తారు, నాలుగు రోజులకి "ఏ సమస్యా లేదు" అని తిరిగొస్తుంది. సాక్ష్యం మొత్తం వాళ్ల వాష్ బేలో కొట్టుకుపోతుంది. సర్వీస్ సెంటర్ రిపోర్టు చేతికి రాకముందు బండి గేటు దాటించకండి. పంపాల్సి వస్తే జాబ్ కార్డు రాయించండి. మీటరు, డీజిల్ మట్టం, ఉన్న కోడ్‌లు, బండిలోని వస్తువులు, మీ సంతకం, వాళ్ల స్టాంపు. ఘాట్ల మీదుగా నడిపించొద్దు, ట్రాలీ మీద వెళ్లాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

రెండో ఎర, "వేరే బండి ఇస్తాం, పైన యాభై వేలు వేయండి." వద్దు. అదే గొడ్డు, వేరే తాడు.

వకీలు గారితో ఒక్కచోట విభేదిస్తాను. సొమ్మంతా వాపసు అడగడం మీటరు తిప్పారా లేదా అన్నదాని మీద ఆధారపడాలి. 2016 డీజిల్ బండికి 78 వేలంటే నాకు నమ్మకం తక్కువ. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదు టైర్ల తేదీలూ రాసుకోండి. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరిగి ఇనుము కనపడుతోందా? డ్రైవరు డోరు అంచున, బానెట్ లోపల ఆయిల్ మార్చిన స్టిక్కరు గీకేసిన జిగురు ఉందా? ఇవి అనుమానాలే, రుజువు మాత్రం ఆథరైజ్డ్ సర్వీస్ రికార్డు. ఆర్‌సీ మీ పేరున లేదు కనక వాళ్లు ఇవ్వకపోవచ్చు. పాత ఓనరు పేరు ఆర్‌సీలోనే ఉంది, ఆయన్ని మర్యాదగా అడిగితే చాలాసార్లు పని అయిపోతుంది. ఆయనకి డీలరు మీద ప్రేమేమీ ఉండదు, పైగా బండి తన పేరు మీదే తిరుగుతోందని తెలిస్తే కంగారు పడతాడు. మీటరు తిప్పినట్టు తేలితే వాపసుకే పట్టుపట్టండి. తేలకపోతే రిపేరు బిల్లు మొత్తం, ట్రాలీ ఖర్చు, రిపోర్టు ఖర్చు తీసుకుని బండి ఉంచుకోండి. ఆ ఇంజన్‌కి విడిభాగాలు దొరకని ఊరు లేదు.

పర్లాకిమిడి వకీలు:

బేరాలు గారి లెక్కతో నాకు పేచీ లేదు. అందుకే నోటీసులో రెండు దారులూ పెట్టాను. సర్వీస్ రికార్డు దొరక్కపోతే దాన్ని తెప్పించమని కమిషన్ ముందు దరఖాస్తు వేయవచ్చు. అంతవరకూ ఆగి నోటీసు ఆలస్యం చేయకండి.

వరస ఇది: రిపోర్టు, నోటీసు, ఆ తర్వాత పేరు మార్పిడి. కొన్నవారు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి, మీకు వారమే మిగిలింది. నోటీసు ముందు వెళ్లి ఉంటే పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టినంత మాత్రాన మీ హక్కు వదులుకున్నట్టు కాదు. ఎన్‌వోసీ కోసం ఫారం 28, పాత లోను ఉంటే ఫారం 35 డీలరు నుంచి రావాలి. ఆర్‌సీలో హైపోథికేషన్ (లోను కింద తాకట్టు) ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో ఇప్పుడే చూడండి. ఒడిశాలో కట్టే పన్ను రసీదు కూడా నష్టాల లెక్కలో చేర్చండి.

రాయగడ_డీజిల్:

చూశాను, హైపోథికేషన్ లేదు. బ్యాటరీ ముద్ర రెండేళ్ల నాటిది. రేపు సర్వీస్ సెంటర్‌కి ట్రాలీ మాట్లాడాను. వాళ్లు ఏదైనా విప్పితే పాత ముక్కలు నాకు ఇస్తారా?

గుణుపురం స్పానర్:

అడిగితే ఇస్తారు, జాబ్ కార్డు మీద "పాత భాగాలు కస్టమర్‌కి" అని ముందే రాయించు. చీలిన పైపుని కోయకుండా మొత్తంగా తీసుకో. రాగి వాషర్‌ని తుడవకుండా చిన్న జిప్ కవర్లో వెయ్యి. విప్పిన ఇంజెక్టర్ల మీద మార్కర్‌తో 1, 2, 3, 4 రాయించు, చైన్ వైపున్నది ఒకటి. డీజిల్ కారకుండా రెండు చివర్లా టోపీలు పెట్టాలి, గుడ్డ పేలిక కుక్కనివ్వకు, ఒక్క నూలు పోగు లోపలికి పోయినా బాగున్న ఇంజెక్టర్ కూడా పోతుంది.